తీరిక వేళ: ఎమ్మీ దక్కని మాయావిని

గత సంచికలో పాత చిత్రాల ఛాయాగ్రహణం గురించి వ్రాసిన పిదప కొందరు పాఠకులు, ముఖ్యంగా మన కాలనీ గృహిణులు, ఒక ఆక్షేపణ తెలియజేశారు. ఎంతసేపూ కెమెరాలు, కటకాలు, దీపాల గోలేనా, వాటి ముందు నిలబడిన నటీమణుల ఊసు ఎత్తరా అన్నది దాని సారాంశం. ఆక్షేపణ సమంజసమే. అయితే సావిత్రి, జమున, కృష్ణకుమారి వంటి మన 1960 దశకపు తారల గురించి నాకంటె సాధికారంగా మాట్లాడగలవారు ఈ పత్రిక చదివే ప్రతి ఇంటిలోనూ ఒకరుంటారు. వారితో వాదానికి దిగే సాహసం నాకు లేదు. అందుచేత అదే దశకంలో అమెరికా బుల్లితెరను ఏలిన కొందరు నటీమణులను, వారికి దక్కిన, దక్కని ఎమ్మీ బహుమతులను ఈసారి ప్రస్తావనకు తీసుకుంటున్నాను.

ఆ తారలు మనకు బొత్తిగా పరాయివారు కారు. 1995లో సోనీ ఛానల్ మన దేశంలో ప్రారంభమైన తరువాత తొలి సంవత్సరాలలో 'బివిచ్డ్', 'ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ' అనే రెండు పాత అమెరికన్ ధారావాహికలను హిందీ మాటలతో ప్రసారం చేసింది. ఉద్యోగరీత్యా ఉత్తరాది టౌన్‌షిప్పులలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు హోంవర్కు పక్కన పెట్టి వాటిని చూసేవారు. ముక్కు కదిపి మాయ చేసే సమంతా, సీసాలోనుండి పొగగా వెలువడే జీనీ వారికి పొరుగింటి అక్కలంత పరిచయం. ఆ పిల్లలే నేడు గృహస్థులై ఈ పత్రిక చదువుతూ ఉండవచ్చు.

నా పక్షపాతం ముందే చెప్పుకోవడం మర్యాద. నేను సమంతా పాత్రధారిణి ఎలిజబెత్ మాంట్‌గొమరీ అభిమానిని. ఆమె తన జీవితకాలంలో తొమ్మిది పర్యాయాలు ఎమ్మీ తుది జాబితాకు ఎక్కింది. తొమ్మిది పర్యాయాలూ రిక్తహస్తాలతోనే తిరిగి వచ్చింది. అందులో ఐదు పర్యాయాలు 1966 నుండి 1970 వరకు వరుసగా 'బివిచ్డ్' కోసమే. ఈ అన్యాయానికి కారణం న్యాయనిర్ణేతల దుర్బుద్ధి అని నేననను. నటనలో ఒక రకం శ్రమ కంటికి కనిపిస్తుంది, మరొక రకం కనిపించదు. కనిపించని శ్రమకు మార్కులు వేసే పద్ధతి ఆనాడు వారి వద్ద లేదు. ఈనాటికీ ఉన్నదో లేదో సందేహమే.

అసలు ఎమ్మీ అనే పేరు వినగానే మన వృత్తివారికి కొంత గర్వం కలగాలి. తొలి బహుమతి ప్రదానం 1949 జనవరి 25న లాస్ ఏంజెలిస్‌లో జరిగింది. బహుమతికి పేరు వెదుకుతున్నప్పుడు హ్యారీ లబ్కే అనే టెలివిజన్ ఇంజినీరు 'ఇమ్మీ' అని సూచించాడు. ఆనాటి స్టూడియో కెమెరాలలో దృశ్యాన్ని విద్యుత్సంకేతంగా మార్చే 'ఇమేజ్ ఆర్థికాన్' గొట్టానికి కార్మికులు పెట్టుకున్న ముద్దుపేరది. ప్రతిమ స్త్రీరూపం కనుక ఇమ్మీ కాస్తా ఎమ్మీ అయింది. రెక్కలు ధరించి చేతులలో పరమాణువును ఎత్తి పట్టుకున్న ఆ ప్రతిమను రూపొందించిన లూయీ మెక్‌మానస్ కూడా టెలివిజన్ ఇంజినీరే. నమూనాగా నిలబడినది ఆయన సతీమణి. రెక్కలు కళకు, పరమాణువు విజ్ఞానానికి సంకేతాలట. సినిమా వారి ఆస్కార్ వెనుక ఇంతటి సాంకేతిక వంశవృక్షం లేదని మనవి.

ఇక 'బివిచ్డ్' విషయానికి వద్దాం. 1964 సెప్టెంబరు 17న మొదలై 1972 మార్చి వరకు 254 భాగాలు నడిచిన ఈ ధారావాహిక కథ చాలా చిన్నది. సమంతా పుట్టుకతో మంత్రగత్తె. డారిన్ అనే ప్రకటనల కంపెనీ ఉద్యోగిని ప్రేమించి పెండ్లాడింది. మంత్రాలు కట్టిపెట్టి మామూలు ఇల్లాలుగా ఉండమని అతడు కోరాడు, ఆమె సరేనంది. ఆ మాట నిలుపుకోలేకపోవడమే ప్రతివారం కథ. సమంతా తల్లి ఎండోరాకు ఈ అల్లుడంటే గిట్టదు. మన పక్క కొత్త అల్లుడు వస్తే అత్తవారింట పిండివంటలు, పట్టుబట్టలు. అక్కడి అత్తగారు అల్లుణ్ణి మేకగా మారుస్తుంది, ఎనిమిదేళ్ళూ పేరైనా సరిగా పలకక 'డర్వుడ్' అని పిలుస్తుంది. మన ఇండ్లలో నవ్వులు పూయించింది ఎక్కువగా ఈ ఎండోరాయేనని నా అంచనా.

మాయ చేసే సన్నివేశం ఎలా తీసేవారో తెలిస్తే మాంట్‌గొమరీ గొప్పతనం అర్థమవుతుంది. కంప్యూటర్ మాయలు లేని కాలమది. గదినిండా చెల్లాచెదురుగా పడిన సామాను క్షణంలో సర్దుకుపోవాలనుకోండి. సమంతా చేతులెత్తుతుంది. అక్కడ కెమెరా ఆపుతారు. ఆమె చేతులు ఎత్తినవి ఎత్తినట్లే శిలాప్రతిమలా నిలబడి ఉంటుంది. పనివారు లోపలికి పరుగెత్తుకొచ్చి సామానంతా సర్ది బయటికి పోతారు. మళ్ళీ కెమెరా తిరుగుతుంది, ఆమె చేతులు దించుతుంది. రెండు ముక్కలను కలిపితే మాయ సిద్ధం. ఆ విరామంలో చేయి ఒక అంగుళం జారినా, తల కొద్దిగా వాలినా, ముఖంలోని భావం సడలినా అతుకు బయటపడుతుంది. సామాను సర్దేవారికి ఎన్ని నిమిషాలు పడితే అన్ని నిమిషాలు ఆమె ఆ నవ్వును అలాగే పట్టి ఉంచాలి, తిరిగి కెమెరా కదలగానే ఏమీ జరగనట్లు మాట కొనసాగించాలి.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. 'బివిచ్డ్' కంటె ఏడేళ్ళ ముందే, 1957లో, కె.వి. రెడ్డి గారి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా ఇటువంటి ఇంద్రజాలాన్నే చేసి చూపింది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన సన్నివేశాలలో సావిత్రి ఎంత బరువును ఎంత తేలికగా మోసిందో మనకందరికీ తెలుసు. లోపల ఎస్.వి. రంగారావు, వెలుపల పెండ్లికూతురు, రెండూ ఒకే ముఖంలో కనిపించాలి. దుఃఖపాత్రలలో ఆమె పోసిన కన్నీటి గురించి పుటలకు పుటలు వ్రాసిన విమర్శకులు ఈ శశిరేఖ గురించి నాలుగు వాక్యాలతో సరిపెట్టడం నేను చూశాను. సముద్రానికి ఆవల కూడా అదే తంతు.

ముక్కు సంగతి కూడా చెప్పాలి. సమంతా కదిపేది నిజానికి ముక్కు కాదు, పై పెదవి. దానితో ముక్కు కదిలినట్లు కనిపిస్తుంది. కలవరపడినప్పుడు ఆమెకు సహజంగా ఉన్న ఈ అలవాటును గమనించి దానినే మంత్రంగా మార్చినవాడు దర్శకుడు, ఆమె భర్త అయిన విలియం ఆషర్. ఈ ధారావాహిక దర్శకత్వానికి అతనికి 1966లో ఎమ్మీ లభించింది. అంటే ముక్కును కనిపెట్టినవారికి బహుమతి వచ్చింది, ముక్కు గలవారికి రాలేదు.

పోటీల చరిత్రను ఒక్కసారి చూద్దాం. మొదటి సంవత్సరం 'బివిచ్డ్' ప్రేక్షకాదరణలో దేశం మొత్తం మీద 'బొనాంజా' తరువాత రెండవ స్థానంలో నిలిచింది. ఆమె గెలవదగిన సంవత్సరం అదే. కాని 1965లో ఎమ్మీ వారికి ఒక కొత్త ఆలోచన వచ్చింది. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి వంటి విభాగాలన్నిటినీ తీసివేసి, అందరినీ ఒకే రాశిగా పోసి, కొందరిని ఏరి బహుమతులిచ్చారు. నటి బార్‌బ్రా స్ట్రైసాండ్, సంగీత దర్శకుడు లెనార్డ్ బెర్న్‌స్టైన్, హాస్యనటుడు డిక్ వాన్ డైక్ ఒకే వరుసలో నిలబడ్డారు. మరుసటి సంవత్సరమే ఆ ప్రయోగానికి స్వస్తి పలికారు. మన జాతీయ చలనచిత్ర పురస్కారాలలో కూడా నటీనటులకు విడిగా బహుమతి 1967వ సంవత్సరపు చిత్రాలతోనే మొదలైంది. అంతకు ముందరి మహానటుల, మహానటీమణుల ఉచ్చదశ ఆ లెక్కలోకి రాలేదు. విభాగమే లేని సంవత్సరంలో పూచిన పువ్వుకు ఎవరూ ఏమీ చేయలేరు.

1966లో విభాగాలు తిరిగి వచ్చాయి. మాంట్‌గొమరీ పేరు వచ్చింది, బహుమతి మేరీ టైలర్ మూర్‌కు పోయింది. 'డిక్ వాన్ డైక్ షో'లో ఆమె గృహిణి పాత్ర నిజంగానే చక్కనిది, దానిపై నాకు తగవు లేదు. 1967లోనూ, 1968లోనూ 'ది లూసీ షో'కు లూసిల్ బాల్ గెలిచింది. లూసిల్ బాల్ మహానటి, హాస్యంలో ఆమె శరీరం పలికినట్లు మరొకరి శరీరం పలకదు. అయితే ఆమె అసలైన వైభవం 1951లో ప్రారంభమైన 'ఐ లవ్ లూసీ'లో ఉంది. దానికి ఆనాడే రెండు ఎమ్మీలు అందుకుంది. పదిహేనేళ్ళ తరువాత వచ్చినవి పాత బాకీలకు కట్టిన వడ్డీ వంటివని నా అభిప్రాయం. లూసీ పక్షం వారు కోపగించుకోవద్దు.

ఇక్కడ సాంకేతిక విషయం ఒకటుంది. లూసీ ధారావాహికలు, మూర్ నటించినదీ సజీవ ప్రేక్షకుల ఎదుట, ఒకేసారి పలు కెమెరాలతో చిత్రించినవి. నాటకం ఆడినట్లే. నటి మాట విసరగానే నవ్వు తిరిగి వస్తుంది, ఆ నవ్వు నటిని ఇంకొంత ఎత్తుకు లేపుతుంది. చూసేవారికి ఆ వేడి తగులుతుంది. 'బివిచ్డ్' అలా కాదు. ప్రేక్షకులు లేని స్టూడియోలో, ఒక్క కెమెరాతో, ముక్కలు ముక్కలుగా తీసినది. నవ్వులన్నీ తరువాత యంత్రంతో అతికించినవి. ఆ నవ్వుల యంత్రాన్ని నిర్మించిన ఛార్లెస్ డగ్లస్ అనే ఎలక్ట్రానిక్స్ ఇంజినీరుకు 1992లో జీవితకాల సాంకేతిక కృషికి ఎమ్మీ ఇచ్చారు. యంత్రపు నవ్వుకు బహుమతి, ఆ నవ్వుకు అర్హమైన ముఖానికి శూన్యం. మన వృత్తివాడికి దక్కిందని సంతోషించాలో, అభిమానిగా విచారించాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

నా సిద్ధాంతానికి లొంగని ఉదాహరణ కూడా ఒకటుంది, దాచడం ధర్మం కాదు. 1969, 1970 సంవత్సరాలలో గెలిచిన హోప్ లాంగ్ నటించిన 'ది గోస్ట్ అండ్ మిసెస్ మ్యూర్' కూడా సజీవ ప్రేక్షకులు లేకుండా చిత్రించినదే. పైగా అది ఒక నావికుడి దయ్యంతో వితంతువు చేసే స్నేహం కథ, అంటే మాయామర్మాల కోవలోనిదే. ఒక ఛానల్ వారు ఏడాదికే దానిని వదిలివేశారు, మరొకరు తీసుకుని మరుసటి ఏడాదితో ముగించారు. రెండవ ఎమ్మీ ప్రదానం నాటికి ఆ ధారావాహికే లేదు. హోప్ లాంగ్ సినిమాలలో పేరు తెచ్చుకుని వచ్చిన గంభీర నటి. దయ్యాన్ని చూసినా ఆమె కన్నులలో ఒక విషాదపు నీడ ఉంటుంది. ఆ నీడే న్యాయనిర్ణేతలను కదిలించి ఉంటుందని నా ఊహ. సమంతా కన్నులలో నీడ లేదు, అదే ఆమె నేరం.

ఈ తర్కం మన కర్మాగారాలకు ఎంత దగ్గరో చెప్పకుండా ఉండలేను. ఉత్తమ సేవా పురస్కారాల ఎంపిక సంఘంలో కూర్చున్న ప్రతివారికీ ఇది అనుభవమే. అర్ధరాత్రి టర్బైన్ ఆగిపోయింది, ముప్పై ఆరు గంటలు నిద్రాహారాలు మాని దానిని నిలబెట్టారు అని నివేదిక వస్తుంది. చదువుతుంటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, బహుమతి ఖాయం. పక్క యూనిట్‌లో ఏడాది పొడుగునా యంత్రం ఆగనే లేదు. ఎందుకు ఆగలేదంటే అక్కడి ఫోర్‌మన్ ప్రతి షిఫ్టులోనూ బేరింగు వేడిని చేతితో తాకి చూసి, నూనె రంగు పరీక్షించి, కంపనం కొద్దిగా పెరిగితే చాలు విప్పించి సరిచేయించాడు. అతని గురించి నివేదికలో వ్రాయడానికి ఏమున్నది? ఏమీ జరగలేదని వ్రాయాలి. ఏమీ జరగకపోవడమే అతని ఘనకార్యమని వ్రాయడానికి మన ఫారాలలో గడి లేదు. మాంట్‌గొమరీ తొలి సంవత్సరంలో 36 భాగాలు, రెండవ సంవత్సరంలో 38 భాగాలు నటించింది. ఎక్కడా శ్రుతి తప్పలేదు. అందుచేతనే ఎవరూ గమనించలేదు.

ఆమె చుట్టూ ఉన్నవారికి మాత్రం బహుమతులు వచ్చాయి, అందులో రెండు ఎంతో బాధాకరమైనవి. కిటికీ తెర తొలగించి ఎదురింటివారి గుట్టు చూసే గ్లాడిస్ పాత్రను ధరించిన ఆలిస్ పియర్స్ తనకు క్యాన్సర్ ఉన్నదని తెలిసీ, ఆ సంగతి దాచి, నవ్విస్తూ పనిచేసింది. 1966 మార్చిలో మరణించింది, ఆ ఏటి సహాయ నటి బహుమతిని మరణానంతరం ప్రకటించారు. మంత్రం వేయబోయి మరచిపోయి తడబడే వృద్ధ మేనత్త క్లారాగా నటించిన మేరియన్ లోర్న్ 1968 మే 9న కన్నుమూసింది. పది రోజులకు, మే 19న, ఆమెకు ఎమ్మీ ప్రకటించారు. ఆమె తరఫున వేదిక ఎక్కి ఆ ప్రతిమను అందుకున్నది ఎలిజబెత్ మాంట్‌గొమరీ. అదే రాత్రి ఉత్తమ హాస్యనటి బహుమతి పోటీలో ఆమె ఓడిపోయింది. చేతికి ఎమ్మీ అందింది, కాని మరొకరి పేరు మీద. దీనిపై ఆమె ఎక్కడైనా ఆక్రోశించినట్లు నేను చదవలేదు.

ఎండోరాగా నటించిన ఎగ్నెస్ మూర్‌హెడ్ సంగతి మరింత విచిత్రం. 'సిటిజెన్ కేన్' చిత్రంలో కథానాయకుడి తల్లిగా నటించిన దిట్ట ఆమె. నాలుగుసార్లు ఆస్కార్ తుది జాబితాలో నిలిచి గెలవలేకపోయింది. 'బివిచ్డ్'కు ఆరు పర్యాయాలు ఎమ్మీ జాబితాకు వచ్చింది. 1967లోనైతే ప్రధాన నటి విభాగంలో తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఒకరికొకరు పోటీ, ఇద్దరికీ రాలేదు. అయితే అదే ఏడు మూర్‌హెడ్‌కు సహాయ నటి ఎమ్మీ వచ్చింది, 'ది వైల్డ్ వైల్డ్ వెస్ట్' అనే వేరొక ధారావాహికలో ఒకే ఒక భాగంలో ప్రతినాయికగా కనిపించినందుకు. ఎనిమిదేళ్ళ పాత్ర కంటె ఒక గంట పాత్ర బరువు తూగింది. దీనికి వ్యాఖ్యానం అనవసరం.

జీనీగా నటించిన బార్బరా ఈడెన్‌కు ఆ మాత్రం ఓడిపోయే గౌరవం కూడా లేదు. 1965 నుండి 1970 వరకు 139 భాగాలలో నటించినా ఒక్కసారి కూడా ఎమ్మీ జాబితాకు ఎక్కలేదు. ఆ ధారావాహిక సృష్టికర్త ఎవరో తెలుసునా? మన రైల్వే స్టేషన్ల పుస్తకాల దుకాణాలలో దశాబ్దాల పాటు కుప్పలుగా అమ్ముడుపోయిన సిడ్నీ షెల్డన్. నవలలు వ్రాయకముందు ఆయన పని ఇదే. 'బివిచ్డ్' విజయం చూసి పోటీగా తయారైన కథ ఇది. ఈడెన్ ఆనాడు గర్భవతి. తొలి భాగాలలో మేలిముసుగులు అడ్డం పెట్టి చిత్రించారు. ఆమె చురుకుదనం నాకూ ఇష్టమే. అయినా సీసాలో నివసించే యువతి ఒక వ్యోమగామిని 'యజమానీ' అని పిలుస్తూ సేవ చేయడం నేడు మన ఆడపిల్లలతో కలిసి చూస్తే కొంత ఇబ్బందిగా ఉంటుంది. సమంతా అలా కాదు. ఆమె శక్తి భర్త శక్తి కంటె వేయి రెట్లు ఎక్కువ, అది ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. ఇల్లు నిలవడానికి ఆమె దానిని స్వయంగా అదుపులో పెట్టుకుంటుంది. ఆ అదుపును ముఖంలో చూపడమే నటన. 1969లో నడుమునొప్పి కారణంగా డిక్ యార్క్ తప్పుకోగా డారిన్ పాత్రకు డిక్ సార్జెంట్ వచ్చాడు. భర్త ముఖమే మారినా ఏ వివరణా లేకుండా ధారావాహిక ఇంకో మూడేళ్ళు నడిచిందంటే ఇంటికి మూలస్తంభం ఎవరో వేరే చెప్పాలా?

హాస్యానికే ఈ గతి, గంభీర పాత్రలకు న్యాయం జరిగిందా అంటే అక్కడ మరో ముచ్చట ఉంది. 'మిషన్ ఇంపాసిబుల్' నాయిక బార్బరా బెయిన్ 1967, 1968, 1969లలో వరుసగా మూడుసార్లు ఉత్తమ నటి ఎమ్మీ గెలిచింది. మొదటి రెండుసార్లు ఆమె చేతిలో ఓడినవారిలో ఇంగ్లండు నుండి వచ్చిన 'ది అవెంజర్స్' నాయిక డయానా రిగ్ ఉంది. ఆమె పాత్ర పేరు ఎమ్మా పీల్. 'మ్యాన్ అపీల్' అన్న మాటను కుదించగా వచ్చిన పేరది. పురుషులను ఆకర్షించే నాయిక కావాలని పెట్టిన పేరును రిగ్ తలక్రిందులు చేసింది. ఎమ్మా పీల్ విజ్ఞానశాస్త్రం తెలిసిన స్త్రీ, శత్రువును కుస్తీలో పడగొట్టి నలగని దుస్తులతో చమత్కారమాడుతుంది. ఇంత చేసిన తనకు ఛాయాగ్రాహకుని కంటె తక్కువ జీతం ఇస్తున్నారని తెలిసినప్పుడు రిగ్ ఊరుకోలేదు, బహిరంగంగా అడిగింది. ఆనాడు ఆమెకు తోడుగా పలికినవారు తక్కువ. బార్బరా బెయిన్ సమర్థురాలే, ఒక్క బహుమతికి నాకు ఆక్షేపణ లేదు. మూడు మాత్రం ఎక్కువ. రిగ్‌కు ఎమ్మీ చివరకు 1997లో వచ్చింది, 'రెబెక్కా'లో కర్కశురాలైన పనిమనిషి పాత్రకు. ఎమ్మా పీల్‌కు ముప్పై ఏళ్ళ తరువాత!

మరో ఇద్దరిని వదిలితే ఈ వ్యాసం అసంపూర్ణమే. 1968లో మొదలైన 'జూలియా'లో డయాన్ కారల్ వియత్నాం యుద్ధంలో భర్తను కోల్పోయిన నర్సుగా నటించింది. పనిమనిషి కాని నల్లజాతి స్త్రీ ఒక ధారావాహికకు నాయిక కావడం అమెరికాలో అదొక మైలురాయి. నల్లజాతి జీవితంలోని కష్టాలను అది చూపలేదని విమర్శలు వచ్చాయి, అవి కొంత నిజమే. 1969లో మాంట్‌గొమరీతో పాటు ఓడినవారిలో ఈమె ఒకరు. ఆ విభాగంలో నల్లజాతి నటి గెలవడానికి 1981లో ఇసబెల్ శాన్‌ఫర్డ్ వరకు వేచి ఉండవలసి వచ్చింది.

రెండవవారు 'స్టార్ ట్రెక్'లో అంతరిక్ష నౌక సమాచార అధికారిణి ఊహురాగా నటించిన నిషెల్ నికోల్స్. సంభాషణలు తక్కువని విసిగి మొదటి ఏడాది చివర మానుకోబోతుంటే, ఆ పాత్ర విడువవద్దని మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా నచ్చచెప్పారని ఆమె చెప్పేది. ఆ ధారావాహికలో లెనార్డ్ నిమాయ్ మూడు పర్యాయాలు ఎమ్మీ జాబితాకు ఎక్కాడు, ఆమె పేరు ఒక్కసారీ రాలేదు. 1977 నుండి ఆమె నాసా సంస్థ కోసం స్త్రీలను, అల్పసంఖ్యాక వర్గాలవారిని వ్యోమగాములుగా రప్పించే ప్రచారం చేసింది. 1992లో అంతరిక్షానికి వెళ్ళిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్ తన ప్రేరణ ఊహురాయే అని చెప్పింది. ఏ జాబితాలోనూ లేని పాత్ర చేసిన పని ఇది.

'బివిచ్డ్' తరువాత మాంట్‌గొమరీ నవ్వించడం మానివేసింది. 1974లో 'ఎ కేస్ ఆఫ్ రేప్' అనే టెలివిజన్ చిత్రంలో న్యాయస్థానంలో కూడా అవమానం పాలైన అత్యాచార బాధితురాలిగా, 1975లో తండ్రిని, సవతి తల్లిని గొడ్డలితో చంపిందన్న అభియోగం మోయవలసి వచ్చిన లిజీ బోర్డెన్‌గా నటించింది. రెండింటికీ, 1978లో 'ది అవేకెనింగ్ ల్యాండ్'కూ ఎమ్మీ జాబితాలో పేరు వచ్చింది, బహుమతి రాలేదు. అంటే కన్నీరు చూపినా కరుణించలేదు! 1961లో 'ది అన్‌టచబుల్స్'కు వచ్చిన మొదటిది కలుపుకుంటే తొమ్మిది. ఆమె తండ్రి రాబర్ట్ మాంట్‌గొమరీ కూడా రెండుసార్లు ఆస్కార్ జాబితాలో నిలిచి గెలవని నటుడు. ఇంటి ఆచారం అనుకోవాలేమో. 1995 మే 18న, 62 ఏళ్ళ వయసులో ఆమె మరణించింది. మన పిల్లలు ఆమెను హిందీలో చూడడం మొదలైనది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. వారు చూస్తూ నవ్విన ముఖం అప్పటికే లేదని వారిలో ఎందరికి తెలుసు?

2005లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం పట్టణంలో, మూడు వందల ఏళ్ళ క్రితం మంత్రగత్తెలన్న నెపంతో అమాయకులను ఉరితీసిన ఆ పట్టణంలోనే, చీపురు మీద కూర్చున్న సమంతా కంచు విగ్రహాన్ని నిలిపారు. అంత విషాదం జరిగిన చోట ఈ వేళాకోళమేమిటని కొందరు ఆక్షేపించారు. ఆక్షేపణలో న్యాయం ఉన్నా విగ్రహం మాత్రం నిలిచింది.

ఈ తరం పిల్లలు 2021లో 'వాండావిజన్' అనే ధారావాహిక చూసి ఉంటారు. దాని రెండవ భాగం పూర్తిగా 'బివిచ్డ్' ఫక్కీలో, నలుపు తెలుపులో, అతికించిన నవ్వులతో సహా తీసినది. మంత్రశక్తి గల ఇల్లాలిగా నటించిన ఎలిజబెత్ ఓల్సెన్ ఆ ఏడు ఎమ్మీ ఉత్తమ నటి జాబితాలో నిలిచింది. రంగాలంకరణకు, దుస్తులకు, పాటకు ఆ ధారావాహిక మూడు ఎమ్మీలు గెలిచింది. ఓల్సెన్‌కు రాలేదు. ఉత్తమ నటి బహుమతి ఒక హత్యను పరిశోధించే, గుండెలో దుఃఖం మోసే పోలీసు అధికారిణిగా నటించిన కేట్ విన్‌స్లెట్‌కు పోయింది. విన్‌స్లెట్ నటన గొప్పదే, నేను రెండుసార్లు చూశాను. అయినా ఆ ఫలితం చదివినప్పుడు ఎలిజబెత్ అనే పేరులోనే ఏదో ఉన్నదని మా ఇంట్లో అందరూ నవ్వుకున్నారు.

ఎమ్మా పీల్ పక్షం వారు, లూసీ పక్షం వారు తమ వాదాలను సంపాదకుల చిరునామాకు వ్రాయవచ్చు. కాగితానికి ఒకవైపే వ్రాయవలెనని సంపాదకుల మనవి.